మూత తీయనివ్వని బడి: హైస్కూల్లో కరెంటు, కంప్యూటర్ రిపేరు చదువు

ఉత్తర తెలంగాణలో కరెంటు పని చేతికొచ్చిన వాళ్లలో ఎక్కువమంది దాన్ని బడిలో నేర్చుకోలేదు. నర్సంపేటలోనో, పరకాలలోనో, జమ్మికుంటలోనో ఒక మోటార్ వైండింగ్ షాపు ఉంటుంది. పది పాసో ఫెయిలో అయిన పిల్లవాడు అక్కడ చేరతాడు. మొదట్లో కాలిపోయిన మోటార్లోంచి పాత రాగి తీగ పీకే పని. తర్వాత స్లాట్లలో ఇన్సులేషన్ కాగితం పెట్టడం, కాయిల్ చుట్టడం, వార్నిష్ పట్టించడం. స్టార్టర్ విప్పి ఏం పోయిందో చెప్పే స్థాయికి రావడానికి ఏళ్లు పడుతుంది. కంప్యూటర్, మొబైల్ రిపేరు సంగతీ అంతే. హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు చాలావరకు ఉస్తాద్ పక్కన స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నవాళ్లే. ఈ చదువుకు ఫీజు లేదు, సిలబస్ లేదు, పరీక్ష మాత్రం రోజూ ఉంటుంది. కట్టిన మోటార్ వారం తిరక్కుండా మళ్లీ కాలితే రైతు దాన్ని ఆటోలో వేసుకొచ్చి షాపు ముందే దించుతాడు.

దుకాణం చదువులో ఒక లోటుంది. ఏ లక్షణం కనిపిస్తే ఏ భాగం మార్చాలో తెలుస్తుంది కానీ, అది ఎందుకు పోయిందో చాలాసార్లు తెలియదు. బడిలో దీనికి తిరగేసిన లోటు. పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుత్ ప్రవాహం, విద్యుదయస్కాంతత్వం అని రెండు పెద్ద పాఠాలున్నాయి. ఓమ్ నియమం, కిర్కాఫ్ నియమాలు, నిరోధాల శ్రేణి, సమాంతర సంధానాలు, మోటార్ పనిచేసే తీరు అన్నీ అందులోనే వస్తాయి. లెక్కలు తప్పుల్లేకుండా చేసే పిల్లలున్నారు. అదే క్లాసులో నెమ్మదిగా తిరుగుతున్న ఫ్యాన్‌కు ఏమైందని అడిగితే ఎటు నుంచి మొదలుపెట్టాలో వాళ్లకు తెలియదు, తప్పు వాళ్లది కాదు. ఎందుకు అన్నది ఒకచోట, ఎలా అన్నది ఇంకోచోట నేర్పుతున్నాం. హైస్కూల్లో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ రిపేరు కోర్సులు పెట్టాల్సింది ఈ రెండింటినీ కలపడానికి. ఉద్యోగాలు వస్తాయా రావా అన్నది రెండో ప్రశ్న. మన దగ్గర ఎప్పుడూ రెండో ప్రశ్ననే ముందు అడుగుతారు, ఈ కోర్సులు తేలిపోవడానికి సగం కారణం అక్కడే ఉంది.

పాత మాటే, కొత్త పేర్లతో

బడిలో చేతిపని ఉండాలన్న ఆలోచన 1937 నాటి వార్ధా విద్యా పథకం నుంచీ ఉన్నదే. 1964-66 కొఠారి కమిషన్ పని అనుభవం అన్నది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజోపయోగ ఉత్పాదక కార్యక్రమం అన్నది. 1986 జాతీయ విద్యా విధానం 1995 నాటికి ఇంటర్ స్థాయి పిల్లల్లో 25 శాతం మందిని వృత్తి కోర్సుల్లోకి తేవాలని లక్ష్యం పెట్టుకుంది, 1988లో దానికో కేంద్ర పథకం కూడా వచ్చింది. లక్ష్యం దరిదాపులకు కూడా పోలేదు. 2020 విధానం 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలన్నది. దేశంలో 19-24 ఏళ్ల వయసు శ్రామికుల్లో పద్ధతి ప్రకారం వృత్తి విద్య పొందినవారు 5 శాతం లోపేనని, దక్షిణ కొరియాలో అది 96 శాతమని అదే పత్రం ఒప్పుకుంది.

ప్రస్తుతం సమగ్ర శిక్ష కింద 9, 10 తరగతుల్లోనూ ఇంటర్‌లోనూ నడుస్తున్న వృత్తి కోర్సులు 2013లో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రానికి లోబడి ఉంటాయి. ఐటీ, వ్యవసాయం, హెల్త్‌కేర్, బ్యూటీ అండ్ వెల్‌నెస్, ఎలక్ట్రానిక్స్ లాంటి ట్రేడ్‌లుంటాయి. పాఠ్యాంశాలను భోపాల్‌లోని ఎన్‌సీఈఆర్‌టీ వృత్తి విద్యా సంస్థ తయారుచేస్తుంది. ప్రతి కోర్సూ ఒక కొలువు పేరుకు కట్టేసి ఉంటుంది. ఎలక్ట్రానిక్స్‌లో అలాంటి కొలువు ఒకటి గృహోపకరణాల ఫీల్డ్ టెక్నీషియన్. మిక్సీ, వాటర్ ప్యూరిఫయర్ లాంటివి బిగించడం, బాగుచేయడం అతని పని. కంపెనీ సర్వీస్ సెంటర్ తరఫున టీషర్టు వేసుకుని ఇంటింటికీ తిరిగే ఉద్యోగి ఈ సిలబస్ రాసినవాళ్ల కళ్ల ముందు ఉన్నాడు. హైదరాబాద్‌కు అది సరిపోతుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల మండల కేంద్రంలో ఆ ఉద్యోగి లేడు. అక్కడ ఒకే మనిషి ఉదయం బోరు మోటార్ స్టార్టర్ చూస్తాడు, మధ్యాహ్నం ఎవరింట్లోనో ఇన్వర్టర్ కనెక్షన్ ఇస్తాడు, సాయంత్రం కిరాణా షాపులో సీసీ కెమెరా బిగిస్తాడు. సిలబస్‌లో వ్యవసాయ మోటార్ ఊసే లేకుండా ఇక్కడ ఎలక్ట్రికల్ కోర్సు నడపడమంటే, ఊరి కరెంటును వదిలేసి పుస్తకంలో కరెంటు చెప్పడమే.

పద్నాలుగేళ్ల పిల్లలు ఏం ముట్టుకోవచ్చు

హైస్కూల్లో కరెంటు కోర్సు అనగానే తల్లిదండ్రులకూ హెడ్‌మాస్టర్లకూ వచ్చే మొదటి టెన్షన్ షాక్. అది అనవసర భయం కాదు. చట్టం కూడా ఆ వైపే ఉంది. 2016లో సవరించిన బాల, కౌమార కార్మిక చట్టం ప్రకారం పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వారిని ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. కాబట్టి 9, 10 తరగతుల పిల్లలతో నడిచే లైన్ మీద పని చేయించే ప్రశ్నే లేదు. అలాగని కరెంటు నేర్పడం మానేయాల్సిన అవసరమూ లేదు.

చేతితో చేసే పనంతా 12 వోల్టుల స్థాయిలోనే పెట్టుకోవచ్చు. బైక్ బ్యాటరీ, పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (మెయిన్స్ కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే డబ్బా) నుంచి వచ్చే 12, 5 వోల్టుల సరఫరా, ఎల్‌ఈడీలు, రిలేలు, చిన్న డీసీ మోటార్లు, వీటితో సిరీస్, ప్యారలల్, షార్ట్, ఓపెన్ అన్నీ చూపించొచ్చు. ఇంటి వైరింగ్‌ను చెక్క బోర్డు మీద, సరఫరా లేకుండా కట్టించాలి. కట్టింది మల్టీమీటర్ కంటిన్యుటీతో పరీక్షించాకే, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తాను పడిపోయే స్విచ్) ద్వారా టీచర్ ఒక్కరే కరెంటు ఇవ్వాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం పిల్లల చేత విప్పించకూడదు. లోపలి ప్రైమరీ కెపాసిటర్ 230 వోల్టుల ఏసీని మార్చుకుని దాదాపు 325 వోల్టుల డీసీతో నిండి ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు ఆ చార్జి అందులోనే ఉండొచ్చు. యూట్యూబ్‌లో చూసి ఎల్‌ఈడీ బల్బు విప్పి కరెంటు ఇస్తూ పరీక్షించడం ఇప్పుడు పిల్లలకు సరదా అయింది. చౌక బల్బుల డ్రైవర్లలో మెయిన్స్ నుంచి వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, అంటే లోపలి ప్రతి టంకం చుక్కా ఫేజుతో సమానం. ఈ ముక్క చెప్పేవాళ్లు లేకే ప్రమాదం.

ఇంకొన్ని సంగతులు మనం పెద్దవాళ్లకే సరిగ్గా చెప్పలేదు. టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేనట్టే అని ఊళ్లలో గట్టి నమ్మకం. టెస్టర్ పాడైనా, పట్టుకున్న మనిషి ఎండిన చెక్క మీద నిలబడినా అది సరిగ్గా వెలగకపోవచ్చు. న్యూట్రల్ ఎక్కడో తెగిపోయి ఏదో ఒక లైటు స్విచ్ ఆన్‌లో ఉంటే సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది, చూసినవాడు రెండు ఫేజులు కలిశాయనుకుంటాడు. ఎంసీబీ (లోడు మించినా, షార్ట్ అయినా పడిపోయే స్విచ్) ఉంది కదా, షాక్ కొడితే పడిపోతుందిలే అన్నది మరో నమ్మకం. ఆరు ఆంపియర్ల ఎంసీబీ ఆరు దాటితేనే కదులుతుంది, మనిషి ప్రాణానికి ముప్పు రావడానికి అందులో నూరో వంతు కూడా అక్కర్లేదు. ఎంసీబీ కాపాడేది వైరును, ఆర్‌సీసీబీ కాపాడేది మనిషిని.

ఈ ప్రాంతంలో ఈ పాఠానికి ఇంకా బరువుంది. లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు రైతులే వేసుకోవడం మామూలైపోయింది. ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌ను లైన్ నుంచి విడదీసే స్విచ్) దించామని గద్దె ఎక్కుతారు. ఆ స్విచ్‌కు పైన 11 కేవీ లైన్ అలాగే నడుస్తుంటుంది. మూడు బ్లేడ్లలో ఒకటి సరిగ్గా తెరుచుకోకపోతే కింద కూడా కరెంటు ఉంటుంది. తడి చేతులతో స్టార్టర్ డబ్బా మూత తీయడం, ఎర్తింగ్ లేని ఇనుప డబ్బా, పొలం గట్టు మీద జాయింట్లున్న సర్వీసు వైరు, వీటన్నిటి మధ్యా సెలవుల్లో తండ్రి వెంట బాయి కాడికి వెళ్లే పిల్లలే మన తొమ్మిదో తరగతిలో కూర్చున్నవాళ్లు. కొలువు ఇవ్వకపోయినా, ఇంత మాత్రం చెప్పగలిగిన కోర్సుకు అయ్యే ఖర్చు గిట్టినట్టే.

లోపం వెతకడమే సబ్జెక్టు

రిపేరు కోర్సుల్లో సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే భాగాల పేర్లు బట్టీ పట్టించడం. ఇది రెసిస్టర్, ఇది కెపాసిటర్, ఇది మదర్‌బోర్డు, ఇది ర్యామ్ అంటూ చార్టు గీయించి మార్కులు వేస్తారు. రిపేరు చేసేవాడికి కావాల్సింది వేరు. ఎక్కడి వరకు సవ్యంగా ఉంది, ఎక్కడి నుంచి లేదు అని మధ్యలో గీత గీయగలగాలి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. మార్చింది రాసుకోవాలి. ఈ మూడు అలవాట్లకు వేల రూపాయల కిట్లు అక్కర్లేదు, ఖరాబైన వస్తువులు చాలు. ఆ సరుకుకు ఏ సర్కారు బడిలోనూ కరువు లేదు.

నెమ్మదిగా తిరిగే సీలింగ్ ఫ్యానే తీసుకుంటే, కరెంటు ఆపి చేత్తో తిప్పితే బేరింగ్ పట్టేసిందో లేదో తెలుస్తుంది. బేరింగ్ బాగుంటే రెగ్యులేటర్‌ను పక్కన పెట్టి నేరుగా కలిపి చూస్తారు, ఆ కలపడం టీచర్ పని. అప్పటికీ వేగం రాకపోతే కెపాసిటర్ మీద అనుమానం. మామూలు ఫ్యాన్లలో అది 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది. వయసు మీద పడి విలువ తగ్గిపోతే ఫ్యాన్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. కొత్తది వంద రూపాయల లోపే దొరుకుతుంది. ఇందులో పదో తరగతి పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అసలు ఫ్యాన్‌కు కెపాసిటర్ ఎందుకు? సింగిల్ ఫేజ్ సరఫరాతో మోటార్ తనంతట తాను తిరగడం మొదలుపెట్టలేదు, రెండో వైండింగ్‌లో కరెంటును కొంచెం ముందుకు జరిపి తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించేది ఆ కెపాసిటరే. పాఠ్యపుస్తకంలోని విద్యుదయస్కాంతత్వం ఇక్కడ ఫ్యాన్ రెక్కల దాకా వస్తుంది.

ఎల్‌ఈడీ బల్బు కూడా మంచి పాఠమే, విప్పేది హోల్డర్‌లో లేనప్పుడే అన్న షరతు మీద. చాలా బల్బుల్లో చిప్పులు సిరీస్‌లో ఉంటాయి, ఒకటి పోతే దండ మొత్తం ఆరిపోతుంది. నల్లచుక్క పడ్డ చిప్పును కంటితోనే పట్టుకోవచ్చు. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి చూస్తే బాగున్న చిప్పులు కూడా వెలగకపోవచ్చు. చాలా చిప్పుల్లో రెండు మూడు జంక్షన్లు సిరీస్‌లో ఉంటాయి, మీటర్ ఇచ్చే వోల్టేజి వాటికి చాలదు. మీటర్ చెప్పినదాన్ని కూడా అనుమానించాలని పిల్లలకు తెలిసేది ఇలాంటి చోటే.

కంప్యూటర్‌లో ఇదే పద్ధతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అందులో భాగాలు ఊడదీసి పెట్టేలా ఉంటాయి. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద ఏమీ రావడం లేదు. ముందు మానిటర్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడాలి. తర్వాత ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచును రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాలి. దుమ్ము, తేమ ఉండే ల్యాబుల్లో సమస్య చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. తారీఖు, సమయం రోజూ వెనక్కి పోతుంటే సీఆర్2032 బటన్ సెల్ మూడు వోల్టుల కింద పడిపోయిందేమో కొలవాలి. ఉన్నట్టుండి ఆగిపోతుంటే ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఎండిందేమో, ఫ్యాన్ నిండా దుమ్ము పట్టిందేమో చూడాలి. ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల తీగ మీద 11.4 నుంచి 12.6 మధ్య చూపిస్తే సరే, లేదంటే ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. ఇవన్నీ తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలిగినవే. చిప్ లెవెల్ అని షాపుల్లో పిలిచే బోర్డు రిపేరు ఈ వయసులో అవసరం లేదు, దానికి కావాల్సిన హాట్ ఎయిర్ స్టేషన్, మైక్రోస్కోప్ బడికి తలకు మించిన భారం.

ఇక స్టార్టర్. దీన్ని బడికి తెచ్చి బల్ల మీద పెడితే చాలు, కరెంటు అక్కర్లేదు. కాయిల్, కాంటాక్టులు, ఓవర్‌లోడ్ రిలే, స్టార్ట్, స్టాప్ బటన్లు. బటన్ వదిలేసినా మోటార్ ఎందుకు ఆగదన్న ప్రశ్న ఒక్కటే ఒక పీరియడ్ తింటుంది. కాంటాక్టర్, అంటే కాయిల్ లాగితే కాంటాక్టులు కలిసే భాగం, తన కాయిల్‌కు తానే కరెంటు ఇచ్చుకుని పట్టి ఉంచుకుంటుంది. ఎలక్ట్రానిక్స్‌లో లాచ్ అనేది, కంప్యూటర్ మెమరీకి మూలమైనది ఇదే ఆలోచన. స్టార్టర్‌ను, కంప్యూటర్‌ను ఒకే కోర్సులో నేర్పడానికి ఇంతకన్నా గట్టి కారణం చూపించలేం.

స్టార్టర్ నుంచి లెక్కల్లోకి కూడా వెళ్లొచ్చు. ఊరి చివర పొలాల్లో కనిపించే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు మీద ఒక్కో ఫేజుకు దాదాపు 35 ఆంపియర్లు ఇస్తుంది. 5 హెచ్‌పీ మోటార్ నడిచేటప్పుడు దాదాపు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు మోటార్లంటే 30, సరిపోయింది. కానీ మోటార్ మొదలయ్యే క్షణంలో ఆరు రెట్ల దాకా లాగుతుంది. నాలుగూ ఒకేసారి మొదలైతే 180 ఆంపియర్లు. ఆటో స్టార్టర్లు చేసే పని ఇదే, కరెంటు రాగానే అన్నీ కలిసి లేస్తాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం, డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) రైతులను పదే పదే కోరాయి. ఆ విజ్ఞప్తి వెనకున్న లెక్క పదో తరగతి పిల్లవాడు నోట్‌బుక్‌లో చేసి ఇంట్లో చూపించగలిగినదే. ఫేజు ఒకటి పోయినప్పుడు మోటార్ గుయ్యిమని మోగుతూ ఎందుకు కాలుతుంది, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ దాన్ని ఎలా ఆపుతుంది అన్నది ఆ తర్వాతి పాఠం.

స్టాక్ రిజిస్టర్ గొళ్లెం

పనిముట్లకు డబ్బు లేదన్న వాదన ఎక్కువ దూరం పోదు. మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్ల సెట్టు, క్రింపింగ్ టూల్, ఇవి వందల్లో దొరికేవి. విడిభాగాలు వరంగల్‌లో దొరక్కపోతే కోఠి గుజరాతీ గల్లీలో, కంప్యూటర్ సామాను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతాయి. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తున్నారు. అందులో త్రీడీ ప్రింటర్, ఆర్డ్యునో బోర్డులు, సెన్సర్లు ఉంటాయి. మంచిదే, కాకపోతే అక్కడ కొత్త వస్తువు తయారుచేసి ఎగ్జిబిషన్‌లో పెట్టడం మీదే ధ్యాస. పాతది బాగుచేసిన పిల్లవాడికి ప్రైజు ఇచ్చే ఎగ్జిబిషన్ ఇంకా రాలేదు.

అసలు అడ్డంకి స్టాక్ రిజిస్టర్. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 5,000 ఉన్నత పాఠశాలలకు ప్రైవేటు సంస్థలతో ఐదేళ్ల ఒప్పందం మీద కంప్యూటర్లు, ఇన్‌స్ట్రక్టర్లు వచ్చారు. ఒప్పందం ముగిశాక ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లిపోయారు, కంప్యూటర్లు మిగిలాయి. మొదట యూపీఎస్ బ్యాటరీలు చచ్చాయి, తర్వాత ఎలుకలు కేబుళ్లు కొరికాయి, తర్వాత గదికి తాళం పడింది. ఒకేసారి, ఒకే మోడల్‌లో వచ్చిన కంప్యూటర్లవి. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి, ఒకదాని ఎస్‌ఎంపీఎస్ వేరేదానికి సరిగ్గా సరిపోతాయి. పది చచ్చిన కంప్యూటర్లలోంచి నాలుగైదు బతికించడానికి ఇంతకన్నా మంచి సరుకు ఏ శిక్షణ సంస్థ దగ్గరా ఉండదు. కానీ అవి ప్రభుత్వ ఆస్తి. మూత తీసి భాగాలు మార్చితే రేపు తనిఖీలో ఏ సీరియల్ నంబర్ ఎక్కడుందని అడుగుతారు. కండెమ్ చేయించాలంటే, అంటే పనికిరానివని రాయించి రిజిస్టర్‌లోంచి తీయించాలంటే, కాగితాలు జిల్లా ఆఫీసు దాకా పోవాలి. ఇంత గొడవ ఎందుకని హెడ్‌మాస్టర్ తాళం వేసి ఉంచుతారు, ఆ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. కండెమ్ చేయదగ్గ ఎలక్ట్రానిక్ సామానును అదే బడి ప్రాక్టికల్స్‌కు వాడుకోవచ్చని, మిగిలిన చెత్తను అధీకృత ఈ-వేస్ట్ సంస్థకు అప్పగించాలని ఒక ఉత్తర్వు వస్తే, కొత్త నిధి ఏదీ లేకుండానే చాలా ల్యాబులు తెరుచుకుంటాయి.

ఈ మాటకు ఇప్పుడు తొందర కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత ప్రాసెసర్ల కంప్యూటర్లు విండోస్ 11కు అధికారికంగా పనికిరావు. వాటిలో ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) పెట్టి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తే బడి అవసరాలకు ఇంకొన్నేళ్లు వస్తాయి. కేరళ సర్కారు బడులు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి, అక్కడ 2018లో పెట్టిన లిటిల్ కైట్స్ క్లబ్బుల్లో పిల్లలకు హార్డ్‌వేర్ కూడా నేర్పుతున్నారు.

నేర్పే మనిషి సంగతి ఇంకో ముడి. వృత్తి కోర్సుల ట్రైనర్లు ఏజెన్సీల ద్వారా కాంట్రాక్టు మీద వస్తారు. జీతం సమయానికి రాక, వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియక బోధిస్తారు. అలాంటి మనిషి ఒక ల్యాబును పదేళ్లు పెంచుకుంటూ పోతాడని ఆశించలేం. భౌతికశాస్త్రం టీచర్‌ను ఇందులోకి తేవడం ఒక దారి, ఆయనకు సూత్రం తెలుసు, చేతిపని తెలియదు. ఊళ్లోని వైండింగ్ మెకానిక్‌ను గౌరవ వేతనం మీద వారానికో పూట పిలవడం ఇంకో దారి, ఆయనకు చేతిపని తెలుసు, డిగ్రీ లేదు. ఇద్దరినీ ఒకే గదిలో నిలబెడితే పని జరుగుతుంది. పథకాల్లో అతిథి ఉపన్యాసాలకు చోటు ఉంది, దాన్ని వాడుకునే తీరే మారాలి. మెకానిక్ వచ్చి ఉపన్యాసం చెప్పకూడదు, స్టార్టర్ విప్పాలి.

పది తర్వాత

తెలంగాణ పదో తరగతి మెమోలో ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. వృత్తి కోర్సుకు వాటిలో చోటు లేదు, సర్టిఫికెట్ విడిగా వస్తుంది. సీబీఎస్‌ఈలో నైపుణ్య సబ్జెక్టు ఆరోదిగా తీసుకున్న విద్యార్థి గణితంలోనో సైన్సులోనో తప్పితే దాని స్థానంలో ఇది లెక్కకు వస్తుంది. ఇక్కడ అదీ లేదు. కాబట్టి జనవరి రాగానే స్పెషల్ క్లాసుల కింద మొదట పోయే పీరియడ్ ఇదే.

పది దాటాక మాత్రం దారులు బాగానే ఉన్నాయి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ రెండేళ్ల ట్రేడ్‌లు, వైర్‌మన్‌కు ఎనిమిదో తరగతి చాలు. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో ఈఈఈ, ఈసీఈ. ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ టెక్నీషియన్ గ్రూపు ఉంది, బ్రిడ్జి కోర్సు రాస్తే అక్కడి నుంచి ఇంజినీరింగ్ వైపు కూడా పోవచ్చు. హనుమకొండలో ప్రధాన కార్యాలయం ఉన్న ఉత్తర డిస్కం జూనియర్ లైన్‌మన్ పోస్టులకు అడిగేది పదితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్, లేకపోతే ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్. దానిపైన స్తంభం ఎక్కే పరీక్ష. సింగరేణి, రామగుండం ఎన్‌టీపీసీ, చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్న ప్రాంతం కాబట్టి అప్రెంటిస్ అవకాశాలు కూడా ఇక్కడ మిగతా జిల్లాల కంటే దగ్గరలో ఉన్నాయి. 2024 నుంచి టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు, అందులో ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ కోర్సూ ఉంది.

ఈ దారుల్లో అమ్మాయిలు తక్కువ. లైన్‌మన్ పోస్టులకు మహిళలు అర్హులు కారన్న నిబంధన మీద కోర్టుకెళ్లి, స్తంభం ఎక్కి చూపించి, 2021లో రాష్ట్రంలో తొలి లైన్‌ఉమన్‌గా చేరిన బబ్బూరి శిరీష సిద్దిపేట జిల్లా అమ్మాయి. ఆమెకు ఐటీఐ ఎలక్ట్రికల్ చదువుంది కాబట్టి ఆ పోరాటం సాధ్యమైంది. కేజీబీవీల్లో (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో) అమ్మాయిలకు ఏ ట్రేడ్ ఇవ్వాలని నిర్ణయించేటప్పుడు కుట్టు, బ్యూటీ దగ్గరే ఆగిపోవడం ఇంకా అలవాటుగానే ఉంది. సోల్డరింగ్‌కు కావాల్సింది కండబలం కాదు, నిదానం.

హైస్కూలు కోర్సుకూ ఈ దారులకూ మధ్య ఒక తలుపు పెట్టాలని అర్హతల చట్రం మొదటి నుంచీ చెబుతూనే ఉంది. కింది స్థాయిలో నేర్చుకున్నది పైస్థాయిలో లెక్కలోకి రావాలి. ప్రస్తుతం మాత్రం 9, 10 తరగతుల్లో రెండేళ్లు ఎలక్ట్రానిక్స్ కోర్సు చదివిన పిల్లవాడూ, టెస్టర్ ఎప్పుడూ పట్టని పిల్లవాడూ ఐటీఐలో ఒకే బెంచీ మీద కూర్చుని మొదటి నెలల్లో అవే భద్రతా సూత్రాలు, అవే పనిముట్ల పేర్లు, అవే వైరు జాయింట్లు చేస్తారు. మొదటివాడికి ప్రవేశంలో కొన్ని మార్కుల వెయిటేజీ, లేదా మొదటి సెషన్ ప్రాక్టికల్స్ నుంచి మినహాయింపు ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ప్రవేశాల నోటిఫికేషన్‌లో ఒక పేరా చేర్చితే సరిపోతుంది, ఆ పేరా కనిపించిన మరుసటి ఏడాది నుంచే హైస్కూల్లో ఈ కోర్సును ఏ పిల్లలు, ఎంతమంది అడుగుతున్నారో లెక్క తేలుతుంది.